సిస్టమ్ ఆగిపోతోందా? రోగం ఎప్పటికీ బయటపడకుండా పన్నెండు చిట్కాలు

మీ సిస్టమ్ పని మధ్యలో నీలం తెర వేసి పడిపోతోందా? ఉన్నట్టుండి దానంతట అదే రీస్టార్ట్ అవుతోందా? కంగారు పడకండి, సంతోషించండి. పైగా లోపల ఏదో వస్తువు చెడిందన్న అనుమానం కూడా ఉందా? అయితే మీ జాతకం బాగుంది. వైరస్ అయితే ఎవడో వచ్చి గంటలో వదిలించేస్తాడు. వస్తువు చెడితే అది ర్యామా, ఎస్ఎంపీఎస్సా, హార్డ్ డిస్కా, మదర్ బోర్డా అన్నది తేలాలి. తేలేదాకా మిమ్మల్ని ఎవరూ పని అడగరు. తేలకుండా చూసుకోవడం ఒక్కటే మనం చేయాల్సింది.

నేను బెజవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఈ కాలంలో ఏడు సిస్టమ్‌లు నా చేతుల్లోనే కన్నుమూశాయి. ఒక్కదాని జబ్బు కూడా నేను కనిపెట్టలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, వరసగా పాటించండి.

1. తెర మీద ఏం రాసి ఉందో చదవకండి

నీలం తెర మీద స్టాప్ కోడ్ అని ఒక ముక్క ఉంటుంది. అది చాడీకోరు. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఉంటే చూపు ర్యామ్ వైపు పోతుంది. ‘డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అని ఉంటే హార్డ్‌వేర్‌లో తప్పు జరిగిందని సిస్టమే మొరపెట్టుకుంటున్నట్టు. ప్రతిసారీ ఒకే కోడ్ వస్తే ఒక దారి, పూటకో కోడ్ వస్తే ర్యామ్ మీదో కరెంటు మీదో అనుమానం. ఇవన్నీ తెలిశాయంటే పని మొదలెట్టాల్సి వస్తుంది. అందుకని ఫోన్‌తో ఫొటో తీయకండి. విండోస్ కూడా మన పక్షమే, మామూలుగా కాసేపు తెర చూపించి తనే రీస్టార్ట్ అయిపోతుంది. ఆ కాసేపూ కిటికీలోంచి బయటికి చూడండి. ఎవరైనా అడిగితే “ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, పోయింది” అనండి.

ఎవడైనా తెలివైనవాడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి ‘కెర్నల్-పవర్ 41’ అని చూపిస్తాడు. కిందటిసారి సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని తప్ప దానికి వేరే అర్థం లేదు. ఎందుకు కాలేదో అది చెప్పదు. మీరు మాత్రం ‘పవర్’ అన్న మాట పట్టుకుని “నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను, మన లైన్‌లో కరెంటు బాగోలేదు” అనేయండి. నెల రోజులు గడిచిపోతాయి.

2. ఏం జరిగినా ముందు ఫార్మాట్ కొట్టించండి

ఫార్మాట్ సర్వరోగ నివారిణి. కాలు విరిగినవాడికి గుండు గీయించినట్టు ఉంటుందని కొందరు వెక్కిరిస్తారు, పట్టించుకోకండి. గుండు గీస్తే పని జరిగినట్టు కనపడుతుంది, మనకు కావలసింది అదే. ర్యామ్ చెడిన సిస్టమ్ మీద కొత్తగా విండోస్ ఎక్కిస్తే, ఎక్కేటప్పుడే కొన్ని ఫైళ్లు పాడై కూర్చుంటాయి. అంటే ఇప్పటిదాకా ఒక జబ్బు ఉంటే ఇకనుంచి రెండు. రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది. ట్యాలీ ఎక్కించడం, ప్రింటర్ డ్రైవర్ వెతకడం, తెలుగు ఫాంటు ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, వీటితో రెండు రోజులు తేలిగ్గా పోతాయి. మూడో రోజు మళ్లీ నీలం తెర వస్తే “ఈసారి వేరే వెర్షన్ వేయించి చూద్దాం సార్” అనండి.

3. మార్చేవన్నీ ఒకేసారి మార్చండి

ఒక్క వస్తువు మార్చి, ఒక రోజు నడిపి చూసి, తర్వాత ఇంకోటి ముట్టుకోవాలని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చోకండి. అలా చేస్తే నాలుగు రోజుల్లో దొంగ దొరికిపోతాడు. మీరు ర్యామ్ మార్చండి, అదే చేత్తో ఎస్ఎంపీఎస్ మార్చండి, బయాస్ అప్‌డేట్ చేయండి, గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేయండి, కేబుళ్లన్నీ పీకి తోచినట్టు పెట్టండి. సిస్టమ్ బాగుపడిందనుకోండి, ఎందుకు బాగుపడిందో దేవుడికి కూడా తెలియదు. బాగుపడలేదనుకోండి, పాత జబ్బే ఉందో మీరు పెట్టిన కొత్త జబ్బు వచ్చిందో వాడికి కూడా తెలియదు. ఎటు తిరిగినా మనకే లాభం.

4. ర్యామ్‌కు రబ్బరు వైద్యం చాలు

ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, నోటితో ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టండి. చూసేవాళ్లకు మీరు పెద్ద మెకానిక్కులా కనిపిస్తారు. చిక్కేమిటంటే ఇది ఒక్కోసారి నిజంగానే పని చేస్తుంది. తీసి గట్టిగా నొక్కి పెట్టినప్పుడు వదులైన కాంటాక్టు సర్దుకుంటుంది. అందుకే పూర్తిగా క్లిక్‌మనేదాకా నొక్కకండి. ఒక వైపు లాకు పడకుండా వదిలేయండి.

మెమ్‌టెస్ట్86 అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పెన్ డ్రైవ్‌లో వేసి, విండోస్ జోలికి పోకుండా దాంతోనే సిస్టమ్ ఆన్ చేసి, రాత్రంతా వదిలేస్తే ర్యామ్‌లో తప్పులు లెక్క కట్టి పొద్దుటికి చూపిస్తుంది. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదంటారు. మీరు దాన్ని సాయంత్రం ఆరుకి మొదలెట్టి, ఆరూ పదికి ఆపేసి, “టెస్ట్ పాసైంది” అని చెప్పి బస్సెక్కండి. రెండు ముక్కలుంటే రెండూ కలిపే టెస్ట్ చేయండి. ఒక్కొక్కటీ విడిగా, ఒక్కో స్లాటూ మార్చి చూస్తే చెడింది ముక్కా స్లాటా అన్నది తెలిసిపోతుంది. అంత దాకా ఎందుకు తెచ్చుకోవడం?

5. డబ్బాకి ఊపిరాడనివ్వకండి

మన ఆఫీసుల్లో సీపీయూ అంటే డబ్బా మొత్తం. ఆ డబ్బాని టేబుల్ కింద చెక్క అరలోకి తోసి తలుపు వేయండి. వెనక గోడకి, పక్కన ఫైళ్ల కట్టకి ఆనించండి. పైన గుడ్డ కప్పితే దుమ్ము పడదని అందరికీ చెప్పండి. లోపల హీట్ సింక్ మీద అప్పటికే దుమ్ము బొంతలా పేరుకుని ఉంటుంది, ప్రాసెసర్‌కూ దానికీ మధ్య ఉండాల్సిన థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలుతుంటుంది. ఈ కాలపు ప్రాసెసర్లు వేడెక్కితే ముందు నెమ్మదిస్తాయి. వాటిలో చాలావాటికి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీత ఉంటుంది. అదీ దాటి పోతుంటే కాలిపోకుండా ఆగిపోతాయి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయే సిస్టమ్ పొద్దున తొమ్మిదింటికి చక్కగా నడుస్తుంది. ఈ తేడా ఎవరూ గమనించకుండా చూడండి. “దీనికి భోజనాల వేళ నిద్రొస్తుంది” అని నవ్వేసి మీరూ ఓ కునుకు తీయండి.

శుభ్రం చేయడం ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు. అదీ పైపైనే. తడిగుడ్డతో మూత తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు సరిగ్గా గాలి పోయే చిల్లుల మీద పెట్టండి. దండ ఫ్యాన్‌కి అడ్డంగా వేలాడేలా వేయండి. లోపలి దుమ్ము సంగతి అమ్మవారే చూసుకుంటుంది.

6. కరెంటు దగ్గర ఉదారంగా ఉండండి

ఉన్న ఒక్క యూపీఎస్‌కి సిస్టమ్, మానిటర్, రౌటర్, వాటితో పాటు లేజర్ ప్రింటర్ కూడా తగిలించండి. లేజర్ ప్రింటర్ కాగితం మీద పొడిని వేడితో అతికిస్తుంది. ఆ వేడి కోసం ఒక్కసారిగా కరెంటు గుంజుకుంటుంది. చిన్న యూపీఎస్ ఆ గుంజుడికి కీచుమంటుంది, సిస్టమ్ ఠక్కున ఆరిపోతుంది. ప్రింట్ ఇచ్చినప్పుడే ఆగుతోందని ఎవడైనా గుర్తు పడితే “ప్రింటర్ డ్రైవర్‌లో వైరస్ ఉంది” అనండి.

ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు స్టిక్కర్ మీద పెద్ద అంకె, చేతిలో తక్కువ బరువు ఉన్నదే ఎంచుకోండి. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 దాకా ఉంటే సరే, ఆ హద్దు దాటితే జబ్బే. కాబట్టి మల్టీమీటర్ ఉన్నవాణ్ని ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వకండి. బోర్డు మీద టోపీలు ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే “అవి అలాగే వస్తాయి” అనండి. డబ్బా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. మీరు ఎర్త్ వేయించకండి, రబ్బరు చెప్పులు వేసుకోండి. కొత్తగా చేరినవాళ్లకు ఆ కుర్చీ ఇవ్వండి.

7. బిళ్ల సెల్లు మార్చకండి

పొద్దున ఆన్ చేయగానే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి కూర్చుంటే, మదర్ బోర్డు మీది బిళ్ల సెల్లు అయిపోయినట్టు. సీఆర్2032 అంటారు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. వాచీల కొట్లో దొరుకుతుంది. మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంత తేలిగ్గా తీరే బాధ మన హోదాకి తగదు. పైగా ఈ బాధలో ఒక సుఖం ఉంది. తేదీ తప్పుగా ఉంటే సైట్లు భద్రత లేదని తెరుచుకోవు, డిజిటల్ సంతకం చెల్లదంటుంది. జీఎస్టీ 3బీ రిటర్నుకి 20వ తేదీ గడువు. ఆ రోజు సాయంత్రం పార్టీ ఫోన్ చేస్తే “పోర్టల్ డౌన్ అండీ, ఊరంతా అలాగే ఉంది” అని చెప్పండి. అబద్ధం మీద ఆలస్య రుసుము ఎంత పడిందన్నది వచ్చే నెల మాట.

8. బ్యాకప్ తీయండి, డి డ్రైవ్‌లోనే

బ్యాకప్ వద్దని నేను అనను. బ్యాకప్ లేదంటే పరువు పోతుంది. అందుకని సి డ్రైవ్‌లో ఉన్నదంతా డి డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఫోల్డర్‌కి ‘బ్యాకప్ ఫైనల్’ అని పేరు పెట్టండి. సి, డి రెండూ ఒకే డిస్కుని గీత గీసి పంచిన గదులు. ఇల్లు కూలితే పడగ్గది నిలబడి వంటిల్లు మాత్రం పడిపోదు. అయినా గుమ్మాలు రెండు కనిపిస్తాయి కాబట్టి సార్‌కి ధైర్యంగా ఉంటుంది.

పాత హార్డ్ డిస్కు టక్, టక్ అని చప్పుడు చేస్తుంటే ఫ్యాన్ గాలి ఎక్కువ పెట్టి ఆ చప్పుడు వినపడకుండా చేయండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే లెక్క రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. చెడిన సెక్టార్లు ఎన్నింటిని వేరేచోటికి మార్చిందో, ఎన్ని ఇంకా అనుమానంలో ఉన్నాయో అందులో అంకెలుంటాయి. ఆ అంకెలు పెరుగుతుంటే డేటా వెంటనే బయటికి తీసుకోమని అర్థం. మీరు దానికి బదులు డీఫ్రాగ్ మొదలెట్టండి. కొన ఊపిరితో ఉన్నవాణ్ని లేపి దుర్గ గుడి మెట్లెక్కించినట్టు ఉంటుంది. దర్శనం కూడా అయిపోతుంది.

9. మెకానిక్కుని తికమక పెట్టి పంపండి

సిస్టమ్ బాగా నడుస్తున్న పూట చూసి మెకానిక్కుని పిలవండి. అతను ఎదురుగా కూర్చున్నంతసేపూ అది బుద్ధిగా ఉంటుంది. “ఎప్పుడు ఆగుతోంది?” అంటే “ఎప్పుడూ” అనండి. “ఎప్పటినుంచి?” అంటే “మొదటినుంచీ” అనండి. “ఈ మధ్య ఏమైనా మార్చారా?” అంటే “అబ్బే, మేమేం ముట్టుకోలేదు బాబూ, దానంతట అదే” అనండి. శనివారం కీబోర్డు మీంచి డబ్బాలోకి ఒలికిన టీ గురించి మాట రానివ్వకండి. మూత తీసి లోపల చీమలు చూసి “ఇదేంటండీ?” అంటే “వానొస్తుందేమో” అని ఆకాశం వైపు చూడండి.

అతను డబ్బా షాపుకి పట్టుకెళ్తానంటే ఒప్పుకోకండి, అక్కడైతే తీరిగ్గా చూస్తాడు. ఇక్కడే, ఇప్పుడే, పావుగంటలో, మనం మీద నిలబడి చూస్తుండగా చేయమనండి. అతను విసిగిపోయి ఫార్మాట్ కొట్టి వెళ్లిపోతాడు. చూశారా, రెండో చిట్కా దగ్గరికి మళ్లీ ఎలా వచ్చామో!

10. బిల్లు పారేయండి, కంపెనీని తిట్టండి

వారంటీ ఉన్న వస్తువు చెడితే కంపెనీవాడు ఊరికే మార్చి ఇస్తాడు. ఆ అవమానం తప్పాలంటే బిల్లు, అట్టపెట్టె, సీరియల్ నంబరు స్టిక్కరు మొదటి వారంలోనే వదిలించుకోండి. తర్వాత కంపెనీని తిట్టడానికి రెండు నిజం కథలు నేర్చుకోండి.

మొదటిది 1994 నాటిది. ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని బయటపడింది. మార్చి ఇవ్వక తప్పలేదు, కంపెనీకి 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకోవలసి వచ్చింది. బ్యాలెన్స్ షీట్‌లో తేడా వచ్చినప్పుడల్లా దీన్ని వాడుకోవచ్చు. రెండోది 2024 నాటిది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని కావలసినదానికన్నా ఎక్కువ వోల్టేజీ లాగి దెబ్బతింటున్నాయని తేలింది. ఆగస్టులో బయాస్ ద్వారా మందు వచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని మాత్రం ఆ మందు బాగుచేయదు, మార్పించుకోవాలి. మీ సిస్టమ్‌లో ఉన్నది నిజంగా ఆ తరమే అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, మారుస్తారు. మా ఆఫీసులో ఉన్నది నాలుగో తరం ఐ3. అందుకే రోజూ చెబుతున్నాను.

11. చివరికి ఆకాశం మీద తోసేయండి

2003లో బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. బ్రసెల్స్ దగ్గర స్కార్బేక్‌లో ఓట్ల యంత్రం ఒక అభ్యర్థికి సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ చూపించింది. వచ్చే వీలే లేనన్ని ఓట్లు కనపడేసరికి మళ్లీ లెక్కబెట్టారు. 4096 అంటే రెండుని పన్నెండుసార్లు వేసి గుణించినంత. అంటే మెమరీలో ఒకే ఒక్క బిట్టు సున్నా నుంచి ఒకటికి తిరగబడినట్టు. యంత్రంలో తప్పేమీ దొరకలేదు. అంతరిక్షం నుంచి వచ్చిన కణం ఏదో తగిలి ఉంటుందని అనుమానించారు. ఇలాంటివి జరుగుతాయనే సర్వర్లలో తప్పుని తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ వాడతారు.

ఇంత మంచి సాకు మీకు ఊరికే దొరికింది. మీ సిస్టమ్ రోజుకి ఆరుసార్లు, అదీ సరిగ్గా ప్రింటర్ తిరిగినప్పుడే ఆగిపోతున్నా సరే, “కాస్మిక్ కిరణాలు సార్, మన చేతుల్లో లేదు” అని నిట్టూర్చండి. సార్ పంచాంగం తీస్తారు. ఇంకో పక్షం కలిసొస్తుంది.

12. ఏదీ రాసిపెట్టుకోకండి

పై పదకొండూ మరిచిపోయినా ఇది మరవకండి. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ వాళ్ల మార్క్ 2 యంత్రం మొరాయించింది. వెతికితే ఒక రిలేలో చిమ్మట దొరికింది. వాళ్లు దాన్ని దులిపేసి ఊరుకోలేదు. ఏ రిలేలో దొరికిందో, ఎన్ని గంటలకో లాగ్ పుస్తకంలో రాసి, ఆ చిమ్మటని కూడా టేపుతో అక్కడే అతికించారు. ఆ పేజీ ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. రాసే అలవాటు ఎంత ప్రమాదమో చూడండి, డెబ్బై ఏళ్లు దాటినా దొంగ పేరు మాసిపోలేదు.

అలాంటివాడు మా ఆఫీసులోకీ ఒకడు వచ్చాడు. ఆర్టికల్స్ చేస్తున్న కుర్రాడు. ముందు సీటు సిస్టమ్ మూడు నెలలుగా ఆగిపోతోంది, నేను అప్పటికి దానికి రెండు ఫార్మాట్లు, నాలుగు రబ్బరు వైద్యాలు చేసి ఉన్నాను. కుర్రాడు ఒక రఫ్ నోట్సు తెచ్చి గీతలు కొట్టాడు. మొదటి ముక్క, మొదటి స్లాటు, రాత్రంతా, తప్పులు లేవు. రెండో ముక్క, అదే స్లాటు, రాత్రంతా, తప్పులు 214. మొదటి ముక్క, రెండో స్లాటు, తప్పులు లేవు. మూడు రాత్రులు, మూడు వరసలు, కింద తేదీ. నాలుగో రోజు రెండో ముక్క తీసి నా చేతిలో పెట్టి “బాబాయ్ గారూ, ఇదే. పారేయండి” అన్నాడు. ఆ సిస్టమ్ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. మూడు నెలల నా కష్టం మూడు రాత్రుల్లో బూడిద చేశాడు.

నేను ధైర్యం కోల్పోలేదు. నోట్సులో ఆ పేజీ మిరపకాయ బజ్జీల నూనె అద్దడానికి పనికొచ్చింది. ర్యామ్ ముక్కని మాత్రం పారేయలేదు, డబ్బు పెట్టి కొన్నది కదా. డ్రాయర్లో పాత ర్యామ్ ముక్కల పక్కన పెట్టాను. అన్నీ ఆకుపచ్చవే, అన్నీ ఒకే పొడుగు. కుర్రాడి ఆర్టికల్స్ అయిపోయి వెళ్లిపోయాక అకౌంట్స్ అమ్మాయి తన సిస్టమ్ నెమ్మదిగా ఉందంటే డ్రాయర్లోంచి ఒకటి తీసి పెట్టాను. సార్ సిస్టమ్‌కి ఇంకోటి పెట్టాను. తర్వాత వాటిని అటూ ఇటూ మార్చాను. మీరూ ఇలాగే చేయండి. చెడిన ముక్కని ఒక్కచోట ఉంచితే అది రోగం, ఊరంతా తిప్పితే అది పరిస్థితి.

ఇప్పుడు ఆ రెండు సిస్టమ్‌లకీ వంతులవారీగా నీలం తెర వస్తోంది. నిన్న సార్ నన్ను లోపలికి పిలిచి, “ఇరవై రెండేళ్ల అనుభవం నీది. ఎల్లుండి 20వ తేదీ. నువ్వే ఎలాగో చూడు” అన్నారు. అలాగే సార్ అన్నాను. డ్రాయర్ తెరిచి చూస్తే ఇంకో రెండు ముక్కలున్నాయి. కుర్రాడు చెప్పింది వీటిలో ఒకటా, సార్ సిస్టమ్‌లో ఉన్నదా, అమ్మాయి సిస్టమ్‌లో ఉన్నదా అని మాత్రం నన్ను అడగకండి. రాసిపెట్టుకోలేదు.